తప్పు నాదేనండి

మా మామగారి పెద్దకర్మ రోజున, బాచుపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, భోజనాలకు ముందు ఒక్కొక్కరూ లేచి ఆయన గురించి రెండేసి మాటలు చెప్పారు. అందరూ చెప్పింది దాదాపు ఒకటే. ఆయన నోటి వెంట పరుషమైన మాట ఎప్పుడూ రాలేదు, పసిపిల్లల్ని కూడా ఒరేయ్ అని పిలిచి ఎరగరు అని. ఇరిగేషన్‌లో ఆయన కింద పనిచేసిన ఒక పెద్దాయన, మా సారు మెమో ఇచ్చేటప్పుడు కూడా ముందు నమస్కారం పెట్టేవారండి అంటే, కొందరు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. తర్వాత మైకు నా చేతికి వచ్చింది. అల్లుడు మాట్లాడితే బాగుంటుందని అందరూ నావైపు చూశారు. నేను లేచి, అందరూ చెప్పిందే నా మాట కూడా అని కూర్చున్నాను.

దుఃఖంతో గొంతు పెగల్లేదని అనుకున్నారు పాపం. దుఃఖం లేదనను. కానీ ఆ పూట నా నోరు నొక్కేసింది సిగ్గు. ఆయన తన జీవితంలో ఒక మనిషిని ఒరేయ్ అన్నారు. వెధవా అని కూడా అన్నారు. ఆ వెధవను నేనే.

ఎందుకన్నారో చెప్పాలంటే ముందు నా ఎర్ర కారు సంగతి చెప్పాలి. మా ఆఫీసున్న గచ్చిబౌలిలో ఇప్పుడు క్లచ్ ఉన్న కారు కొనేవాళ్లు తక్కువ. సిగ్నల్ సిగ్నల్‌కీ ఎడమకాలు అరగదీసుకోవడం ఎందుకని అందరూ ఆటోమేటిక్‌లే కొంటున్నారు. మా ఇంట్లో ఉన్నదీ అదే. నేను మాత్రం నలభై దాటాక, బోనస్ బాగా వచ్చిన ఏడాది, మా టీమ్‌లో ఒకతను అమ్మకానికి పెట్టిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాను. గేర్లు చేత్తో మార్చుకోవాల్సిన బండి. మాన్యువల్ నడిపితేనే అండీ డ్రైవింగ్, మిగతాదంతా కూర్చుని తిరగడమే అని మామగారి ముందు గొప్పగా అన్నాను కూడా. ఎప్పుడో లైసెన్సు కోసం డ్రైవింగ్ స్కూలు వాళ్ల డొక్కు కారులో క్లచ్ తొక్కిన తర్వాత మళ్లీ ఆ జోలికి పోలేదన్న ముక్క మాత్రం అనలేదు.

బండి ఇంటికొచ్చిన రోజే పరువు పోయింది. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కి సెల్లార్ నుంచి పైకి రావడానికి నిటారుగా ఒక ర్యాంపు ఉంది. ఆటోమేటిక్ కారులో దాన్ని నేనెప్పుడూ ర్యాంపుగా గుర్తించలేదు. ఎర్ర కారులో సగం ఎక్కి ఇంజిన్ ఆగిపోయింది, బండి వెనక్కి జారింది, మళ్లీ స్టార్ట్ చేస్తే రెండు గెంతులు గెంతి మళ్లీ ఆగింది. వాకింగ్‌కి బయల్దేరిన పెద్దవాళ్లు ఆగి మరీ చూశారు. మా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాడు. ఆ రాయిని అతను మళ్లీ బయట పారెయ్యలేదు, ర్యాంపు పక్కనే గోడవార దాచుకున్నాడు. నా చేతిలో ఎర్ర కారు తాళం కనిపించిందంటే చాలు, రాయి పట్టుకుని వెనకే వచ్చేవాడు. “జర రేస్ ఇయ్యున్రి సార్, ఫికర్ జెయ్యకున్రి, ఎన్క నేనున్న” అనేవాడు. అంత ఖరీదు పెట్టి కొన్న బండికి రాయే హ్యాండ్‌బ్రేక్ అయిందని మా ఆవిడ నవ్వీ నవ్వీ అలిసిపోయింది.

ఆవిడే సలహా ఇచ్చింది. నాన్న కాలువ గట్ల మీద ఇరిగేషన్ వాళ్ల జీపు ఎన్నేళ్లు నడిపారో, ఆదివారాలు ఎలాగూ మనింటికి వస్తారుగా, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో, నేర్పుతారు అంది. మామగారూ అత్తగారూ రిటైరయ్యాక బాచుపల్లిలో మా బావమరిది దగ్గరే ఉండేవారు. ఆదివారం పొద్దున్నే వచ్చి, కూతుర్నీ మనవరాల్నీ చూసుకుని, చీకటి పడకుండా వెళ్లిపోయేవారు. కూతురింట్లో రాత్రి నిద్ర చేయడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

మామగారు పొట్టి మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టిన జేబురుమాలు. గౌరవం ఇవ్వడంలో ఆయనకు హెచ్చుతగ్గులు లేవు. మా వాచ్‌మన్ ఆయనకు వాచ్‌మన్‌గారు. పదేళ్ల మనవరాలు అమ్మాయిగారు. ఫోన్‌లో దారి చెప్పే ఆడగొంతు కూడా ఆవిడే. ఆ గొంతు ఎడమకు తిరగమంటే నేను తిరగకుండా వెళ్లిపోయినప్పుడల్లా, “ఆవిడ అటు వెళ్లమన్నారండి, పాపం మనం వినిపించుకోలేదు” అని నొచ్చుకునేవారు. అందరికీ అంత మర్యాద చేసే మనిషి ఇక అల్లుడికి ఎంత చేస్తారో ఊహించుకోవచ్చు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవారు. నేను కంచం ముందు కూర్చునేదాకా కూర్చునేవారు కాదు. పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. మొదట్లో కొన్నేళ్లు అది బాగానే ఉండేది. తర్వాత తర్వాత, ఆ ఇంట్లో నాకు శాశ్వతంగా పెళ్లికొడుకు వేషం వేసి కూర్చోబెట్టినట్టు ఉండేది.

మొదటి ఆదివారం సెల్లార్‌లో ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కమంటారా అని అడిగారు. తర్వాత చెప్పులు విడిచి పార్కింగ్ గీత పక్కన జతగా పెట్టి, వట్టి కాళ్లతో ఎక్కారు. ఆ సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ముందు కూలబడి, తర్వాత ఒక్కో కాలినీ రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నారు. కొత్త బండండి, మట్టి అంటకూడదు అన్నారు. అది పాత బండి అని చెప్పినా వినలేదు. మేము తిరిగొచ్చేదాకా ఆ ఖాళీ చోట చెప్పుల జత అలాగే కూర్చుని ఉండేది. వాచ్‌మన్ ఎవర్నీ అక్కడ బండి పెట్టనిచ్చేవాడు కాదు.

యూనివర్సిటీ వెనక గోడ పక్కన, ఆదివారం పొద్దున్న పెద్దగా బండ్లు తిరగని రోడ్డుకు తీసుకెళ్లాను. ఒకటో గేరులో క్లచ్ వదిలాను. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఆయన తల ముందుకు వెళ్లి వెనక్కి వచ్చింది. ఇప్పుడు చెబుతారు, కాలు ఇలా కాదు అలా అంటారు అని ఎదురుచూశాను.

“తప్పు నాదేనండి. ఇటు ఒరిగి కూర్చున్నాను, బరువంతా ఒకవైపు పడింది” అన్నారు.

ఆ తర్వాత అదే వరస. రెండో గేరు కర్రుమని అరిస్తే, నా కాలు గేరు రాడ్‌కి అడ్డమొచ్చిందేమోనండి అనేవారు. నిజానికి ఆయన కాలు తలుపుకు అతుక్కుని ఉండేది. మూడులోంచి రెండుకు దించేటప్పుడు బండి విరుచుకుపడినట్టు ఆగితే, హైదరాబాద్ పెట్రోల్‌లో ఏదో తేడా ఉందండి అనేవారు. ఒక్కోసారి ఏ కారణమూ దొరక్క, జేబురుమాలుతో డాష్‌బోర్డు మీద లేని దుమ్ము తుడిచి, “తప్పు నాదేనండి” అని మాత్రం అని ఊరుకునేవారు. తిడితే సర్దుకోవచ్చు, ఎదురు చెప్పొచ్చు. నా తప్పును నా కళ్లముందే ఆయన తీసుకుని తన జేబులో వేసుకుంటుంటే నేనేం చెయ్యను? ఆఫీసులో పెద్ద బృందాన్ని నడిపేవాణ్ణి, ఆయన పక్కన కూర్చుంటే బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా అయిపోయేవాణ్ణి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. మీకు తెలుసు కదండీ నేనెక్కడ తప్పు చేస్తున్నానో, చెప్పండి, నేర్చుకుంటాను అన్నాను. ఆయన నా ఎడమకాలి వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు.

“పీటల మీద ఆ కాళ్లు కడిగినవాణ్ణండి నేను. ఆ కాలు ఎలా కదపాలో నేను చెప్పడం ఏం మర్యాద?”

నాకు మా పెళ్లి గుర్తొచ్చింది. ఇత్తడి పళ్లెంలో నా పాదాలు, అత్తగారు పోస్తున్న నీళ్లు, తలవంచి కడుగుతున్న ఈయన. నేను ఆ పూట ఫోటోల వాడి వైపు చూసి నవ్వుతూ కూర్చున్నాను. అందరి పెళ్లిళ్లలోనూ జరిగే తంతే కదా అనుకున్నాను. ఈయన ఆ తంతును ఇన్నేళ్లూ మనసులో మోస్తున్నారని ఆ రోడ్డు మీద తెలిసింది. ఇక ఆయన నాకు ఎప్పటికీ నేర్పరు అని కూడా తెలిసింది. మా ఆవిడతో చెబితే, నీ సంగతి అటుంచు, నన్నూ తమ్ముణ్ణీ కూడా ఎప్పుడూ ఒక్క మాట అనలేదు అంది. ఆ మాట గొప్పగా చెప్పిందో బాధగా చెప్పిందో నాకు అర్థం కాలేదు.

అలా కొన్ని నెలలు గడిచాయి. నా గేర్లు ఏమీ బాగుపడలేదు. ఆఫీసుకు మాత్రం వారానికి రెండు రోజులు పంతం కొద్దీ ఎర్ర కారే తీసుకెళ్లేవాణ్ణి. అలాంటి ఒక రోజునే అది జరిగింది.

ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. గచ్చిబౌలిలోనే ఒక ఆసుపత్రిలో. మర్నాడు పంపిస్తామన్న డాక్టరు ఆ మధ్యాహ్నమే ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు అన్నారు. బావమరిది బెంగళూరులో ఉన్నాడు. మా ఆవిడ ఆటోమేటిక్ కారేసుకుని, గది సర్దడానికి అత్తగారితో పొద్దున్నే బాచుపల్లి వెళ్లింది. ఆసుపత్రికి దగ్గరగా ఉన్నది నేనొక్కణ్ణే. ఆఫీసు నుంచి సరాసరి వెళ్లాను, ఎర్ర కారులో.

క్యాబ్ పిలుద్దామని ఫోన్ తీశాను. ఆయన వీల్‌చైర్‌లోంచి నా ఫోన్ వైపు చూశారు, చక్రాల కుర్చీ తోస్తున్న నర్సు వైపు చూశారు.

“మీ బండి గుమ్మంలో ఉండగా క్యాబ్ ఎందుకండీ? అల్లుడి డ్రైవింగ్ మీద మామకు నమ్మకం లేదనుకోరూ” అన్నారు.

నేను గట్టిగా కాదనాల్సింది. ఆ నమ్మకం అన్న మాట చెవికి ఇంపుగా తగిలింది. అప్పటికే నర్సు తలుపు తీసింది. ఆయన అలవాటుగా చెప్పులు విడవబోతే నేనే ఆపాను. వంగలేకపోయారు. నర్సు ఒక చిన్న దిండు తెచ్చి ఆయన కడుపుకు ఆనించి, కుట్ల మీద కుదుపు పడకూడదు సార్, గట్టిగా పట్టుకోండి అంది. ఆ మాట నాకేసి చూసి మళ్లీ అంది.

ఆసుపత్రి గేటు దాటుతూనే రెండో గేరు మార్చాను. బండి కుదిపింది. దిండు సరిగ్గా పట్టుకోలేదండి, తప్పు నాదే అన్నారు. కొత్తగూడ దగ్గర ఒకసారి, కొండాపూర్ దాటాక ఒకసారి. ప్రతి కుదుపుకీ ఆయన కళ్లు మూతలు పడేవి, తెరిచేవారు, తప్పు నాదేనండి అనేవారు. కొంచెం సేపటికి కారణాలు మానేశారు. ఇంకొంచెం సేపటికి ‘తప్పు’ దగ్గరే మాట ఆగిపోయేది. నేను ఆయన వైపు చూడటం మానేశాను. చూస్తే గేరు ఇంకా తప్పేది. పక్కకు ఆపి క్యాబ్ పిలుద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆగాలన్నా బయల్దేరాలన్నా మళ్లీ ఆ ఒకటో గేరే కదా, ఇంకెంత దూరం, ఇంకెంత దూరం అనుకుంటూ పోయాను.

హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కే చోట, సరిగ్గా ఎత్తు మీద, ట్రాఫిక్ ఆగిపోయింది. నా వెనక ఒక నీళ్ల ట్యాంకర్. ముందు బండ్లు కదిలాయి. క్లచ్ వదిలాను, ఇంజిన్ ఆగింది. కారు వెనక్కి జారింది. బ్రేకు తొక్కాను, ఆయన వెన్ను సీటుకు కొట్టుకుంది. మళ్లీ స్టార్ట్ చేశాను, ఒక గెంతు, మళ్లీ ఆగింది. ట్యాంకర్ హారన్ ఆపడం లేదు. పక్కన బైకు మీదున్న కుర్రాడు వంగి, “ఏందన్నా, తీస్తవా లేదా బండి” అని అద్దం మీద తట్టాడు. ఇక్కడ రాయి పెట్టడానికి వాచ్‌మన్ లేడు. మూడోసారి తాళం తిప్పాను. నా ఎడమకాలు క్లచ్ మీంచి మళ్లీ ఒక్కసారిగా లేవబోయింది.

“ఒరేయ్! కాలు మెల్లగా తియ్యరా వెధవా. చంపేస్తావా నన్ను!”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కారు దద్దరిల్లింది. నా కాలు ఉన్నచోటే ఆగిపోయింది.

“ఆగు. ఇంకొంచెం తియ్యి. ఊ... అక్కడ ఆపు. బండి ముక్కు లేస్తోంది చూడు, తెలుస్తోందా? అదే. ఇప్పుడు బ్రేకు వదులు. భయపడకు. ఇప్పుడు ఎక్సలేటర్ మెల్లగా ఇయ్యి.”

బ్రేకు వదిలాను. కారు వెనక్కి జారలేదు. గెంతలేదు. నీళ్లలో పడవను ఎవరో మెల్లగా తోసినట్టు ముందుకు వెళ్లింది. ఫ్లైఓవర్ పైకి చేరేదాకా ఆయన అలాగే చెబుతూనే ఉన్నారు. రెండులోకి వెయ్యి. తొందరేం లేదు. పూర్తిగా తొక్కు, సగం కాదు. గేరు పడ్డాక క్షణం ఆగి తియ్యి, పారిపోదది. అన్నీ ‘నువ్వు’లే. నేను ఆయన అన్నది అన్నట్టే చేస్తూ పోయాను. మియాపూర్ దాకా ఒక్క కుదుపు లేదు. ఆయన కడుపు మీద దిండు కదల్లేదు.

నాకు ఆ కాసేపు కళ్లు మసకబారాయి. మా నాన్న నేను ఉద్యోగంలో చేరకముందే పోయారు. ఆ తర్వాత నన్ను ఒరేయ్ అన్నవాళ్లు లేరు. ఆఫీసులో పేరు పెట్టి పిలుస్తారు, అత్తవారింట్లో అల్లుడుగారిని. నడివయసులో, ట్యాంకర్ హారన్ల మధ్య, ఒక మనిషి నన్ను సొంత కొడుకును తిట్టినట్టు తిట్టాడు. ఆ మనిషి ఎంత నొప్పిలో ఉంటే ఆ మాట బయటికొచ్చిందో తెలిసీ నాకు లోపల సంతోషంగా ఉంది. ఇలాంటి సంతోషం ఒకటి ఉంటుందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మియాపూర్ దాటి బాచుపల్లి రోడ్డు ఎక్కాక ఆయన మాట ఆగిపోయింది. ఏమన్నారో ఆయనకు అప్పుడు తెలిసొచ్చినట్టుంది. కళ్లు మూసుకుని, దిండు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉండిపోయారు. అపార్ట్‌మెంట్ లోపల లిఫ్టు ముందు కారు ఆపాను, అదీ కుదుపు లేకుండానే. దిగడానికి చెయ్యి ఇస్తే, ఆయన దిగలేదు. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“క్షమించండి అల్లుడుగారూ. నోరు జారాను. కాళ్లు కడిగిన చేతులతో... అంత మాట అన్నాను. ఇంట్లో చెప్పకండి. మా వాళ్లకు తెలిస్తే తలెత్తుకోలేను” అన్నారు.

అప్పుడు చెప్పాల్సిన మాట నాకు తెలుసు. ఆ మాటే నాకు కావాల్సిందండి, ఇకముందూ అలాగే అనండి అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆయన మొహంలో ఉన్న సిగ్గు చూసి వెనక్కి పోయింది. అయ్యో, అలాంటిదేం లేదండి, నేనేమీ వినలేదు అన్నాను. ఆయనకు ఊరట దొరకాలని అన్నానేమో. కానీ విననట్టు నటించి, ఆ ఒక్క పిలుపును నేనే చెరిపేశాను.

ఆయన కోలుకున్నాక ఒకరోజు మా ఆవిడ బాచుపల్లి నుంచి ఒక సంచీ తెచ్చింది. అందులో జరీ అంచు పంచె, చొక్కా గుడ్డ, పైన పసుపు కుంకుమ పొట్లం. నాన్న నీకిమ్మన్నారు, పండగా కాదు పబ్బమూ కాదు, ఎందుకంటే చెప్పరు అంది. నాకు తెలుసు ఎందుకో. అల్లుణ్ణి తిట్టినందుకు ఆయన తనకు తెలిసిన పద్ధతిలో ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. నేను దాన్ని బీరువాలో అడుగున పెట్టాను. కట్టుకుంటే ఆ తిట్టు చెల్లిపోతుందనిపించింది.

తర్వాత ఆయన ఆదివారాలు వచ్చేవారు కానీ కారెక్కేవారు కాదు. మోకాళ్లండి, ఆ సీటు కిందికి ఉంటుంది అనేవారు. నేను మాత్రం ఆ ఫ్లైఓవర్ మీద నేర్చుకున్నది మర్చిపోలేదు. ర్యాంపు మీద వాచ్‌మన్ రాయి పనిలేక గోడవారే పడి ఉండేది. “ఇగ మంచిగ నేర్చిన్రు సార్” అని అతనే ఒకరోజు దాన్ని తీసుకెళ్లి పూలకుండీకి ఆసరా పెట్టాడు. కింది గేరుకు దించేటప్పుడు ఎక్సలేటర్ చిన్నగా తట్టి ఇంజిన్ వేగాన్ని బండి వేగంతో కలుపుకోవడం కూడా వచ్చేసింది. కప్పులో కాఫీ తొణక్కుండా నడిపేవాణ్ణి. చూడాల్సిన మనిషి మాత్రం పక్కన లేరు.

ఈ వానాకాలం మొదట్లో, మా ఆవిడ బలవంతం మీద, ఒక ఆదివారం ఎక్కారు. చెప్పులు మళ్లీ గీత పక్కన జతగా పెట్టారు. కాళ్లు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నారు. ర్యాంపు ఎక్కాం, యూనివర్సిటీ గోడ పక్కకు వెళ్లాం. ఒకటి, రెండు, మూడు, గేరు ఎప్పుడు మారిందో కూడా తెలియలేదు. ఆయన మొహం తేటగా ఉంది. కానీ ఒక్క మాట లేదు. బాగుంది అని కూడా లేదు. బాగుందంటే, ఎక్కడ నేర్చుకున్నానో ఇద్దరికీ గుర్తొస్తుందని భయపడ్డారేమో.

నాకు ఏం బుద్ధి పుట్టిందో. ఖాళీ రోడ్డు మీద, మూడులోంచి రెండుకు దించి, కావాలని క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. ఇంకోసారి అంటారని. ఒరేయ్ అని ఒక్కసారి అంటే చాలని.

కారు గట్టిగా కుదిపింది. ఆయన ముందుకు తూలారు. కుట్లు మానిపోయి చాలా కాలమైంది, అయినా ఆయన రెండు చేతులూ చటుక్కున కడుపు మీదికి వెళ్లాయి, అక్కడ దిండు ఉన్నట్టు. అలా పట్టుకునే నావైపు తిరిగారు. ఆయనకు తెలిసిపోయింది. మూడు గేర్లు వెన్నలా మార్చినవాడు నాలుగోసారి పొరపాటున వదలడు. ఎందుకు వదిలానో కూడా తెలిసిందనే అనుకుంటాను, ఎందుకంటే ఆయన పెదవి ఒకసారి కదిలింది. ఆ పెదవి వైపే చూశాను.

“తప్పు నాదేనండి. మిమ్మల్ని మాటల్లో పెట్టాను” అన్నారు.

అప్పటికి పావుగంట నుంచి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

వానాకాలం అయ్యేలోపే, నిద్రలోనే పోయారు.

పెద్దకర్మ రోజు చుట్టాలందరూ వెళ్లాక, మా బావమరిది కిందికి వచ్చాడు. కొత్త తెల్ల పంచె, గుండు. బావా, ఒక రౌండు తిప్పుతారా అన్నాడు. ఎర్ర కారు ఎక్కుతూ, తెలియకుండానే చెప్పులు విడిచాడు. బాచుపల్లి రోడ్డు మీద కాలేజీ బస్సుల మధ్య మెల్లగా తీసుకెళ్లాను. కొంత దూరం పోయాక, భలే నడుపుతున్నారు, నాన్న నేర్పిందేనా అని అడిగాడు. అవునన్నాను.

అప్పుడు చెప్పాడు. ఇంజినీరింగ్‌లో మొదటి సంవత్సరం అన్ని సబ్జెక్టులూ తప్పి ఇంటికి వెళ్లినప్పుడు, తిట్లు తినడానికి సిద్ధమై గుమ్మంలో నిలబడ్డాడట. ఆయన వచ్చి, తప్పు నాదే నాన్నా, మంచి కాలేజీలో వెయ్యలేకపోయాను అని భుజం తట్టి వెళ్లిపోయారట.

“ఆ రోజు నాలుగు తిట్టి ఉంటే బాగుండేది బావా. ఇంట్లో చుట్టంలా పెరిగాను. ఒక్కసారి ఒరేయ్ అనిపించుకోలేదు. మిమ్మల్నేమైనా అన్నారా ఎప్పుడైనా?”

“లేదు. నాతో కూడా తప్పు నాదేనండి అనేవారు” అన్నాను.

పెద్దాయన పరువు కాపాడాను, ఆయన కోరిందే చేశాను అని నాకు నేను చెప్పుకోవచ్చు. అది సగమే. ఆ ఒక్క పిలుపు అసలు వీడికి చెందాల్సింది. వీడు గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన మాట, ఒక ఫ్లైఓవర్ మీద నాకు దొరికింది. నిజం చెబితే ఈ గుండు కుర్రాడికి ఇవ్వాళ కొంచెం నాన్న దొరికేవారు. చెప్పలేకపోయాను. ఉన్నది ఒక్కటే, అది పంచుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నా కాలు జారింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది, బావమరిది ముందుకు తూలి డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఆ కుదుపుకే వాడికి నవ్వొచ్చింది.

“ఇప్పుడు నాన్న ఉంటే ఏమనేవారో చెప్పనా?” అని, అచ్చం ఆయన గొంతుతో, అంతే నెమ్మదిగా, “తప్పు నాదేనండి” అన్నాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

ఆ మాట ఇప్పుడు అనాల్సింది నేను. అనలేదు. వెనక కాలేజీ బస్సు హారన్ కొడుతోంది. బండి మళ్లీ స్టార్ట్ చేసి, ఒకటో గేరు వేసి, కాలు మెల్లగా తీశాను.